ఇల్లు తమ్ముడికి, నంబరు అన్నకు

గేటు స్తంభానికి చివరి మర బిగించేటప్పుడు ఆమె నాలుక కొసను పళ్ళ మధ్య పట్టుకుంటుంది. మర బిగిశాక నంబరు రేకును బొటనవేలితో ఒకసారి నొక్కి చూసి, నాలుగడుగులు వెనక్కి వేసి, వంకర లేదని నమ్మకం కుదిరిన తరువాతనే సంచిలోంచి ఫోను తీస్తుంది. అంబులెన్సు బండి వచ్చి ఆగవలసిన చోట నిలబడి తెర మీది పటంలో వేలు పెడుతుంది. ఎర్రచుక్క ఒకటి పడుతుంది. అది ఇంటి కప్పు మీద పడకూడదు, గేటు ముందే పడాలి. కప్పు మీద పెడితే పటం ఆ కప్పుకు దగ్గరగా ఏ రోడ్డుంటే దానినే పట్టుకుంటుంది. ఆ రోడ్డు పెరటి గోడకు అవతల ఉన్నా, కాలువకు అవతల ఉన్నా పటానికి పట్టింపు లేదు. లోపల ఊపిరాడని మనిషి ఉన్నప్పుడు ఆ గోడా ఆ కాలువా అంబులెన్సు డ్రైవరుకు ఎదురవుతాయి.

"కూర్చోండమ్మా, టీ పెడుతున్నా," అంది ఆ ఇంటావిడ, వసారాలో కుర్చీ దులుపుతూ.

"పెట్టండి. నిలబడే తాగుతాను."

"నిలబడి తాగితే టీ కాళ్ళలోకి దిగుతుందా ఏం?"

"దిగితే మంచిదే. నాకు పనంతా వాటితోనే."

పొలాల మధ్య విసిరేసినట్టున్న ఇళ్ళకు నంబర్లు వేసి పటంలోకి ఎక్కించడం ఆమె ఉద్యోగం. అత్యవసర కాల్ సెంటరు కింద, ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు. ఆఫీసులోనూ డ్రైవర్లలోనూ పొలాల ఇళ్ళలోనూ అందరికీ ఆమె ప్లేట్లక్కే. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మరల సంచి ఏళ్ళ తరబడి మోసిన కుడిభుజం ఎడమదానికంటే కాస్త కిందికి జారింది. చేతులు మణికట్ల దాకా ఎండకు మాడి, అక్కడి నుంచి పైకి వేరొకరివా అన్నంత తెల్లగా ఉంటాయి. ఒంటి మీద మోకాళ్ళ దాకా వచ్చే ముతక చొక్కా, దానికి లెక్కకు మించిన జేబులు. దర్జీ అయిన భర్త కుట్టినది. మరలకో జేబు, ఫోనుకో జేబు, చేతిరుమాలుకో జేబు. ఒక జేబు దేనికో ఆయనా చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. రోజూ ఉదయం అందులో నాలుగు వేయించిన పల్లీలు మాత్రం ఉంటాయి.

ఆమె తండ్రి రోడ్లు వేసే ముఠాలో పనివాడు. రోడ్డు పక్క గుడారంలో పుట్టింది. రోడ్డు ఎంత ముందుకు పాకితే గుడారం అంత ముందుకు జరిగేది. బడిలో చేర్పించిన ఊరు అక్షరాలు వచ్చేలోగానే వెనకబడిపోయేది. "మీ ఇల్లెక్కడే?" అని పంతులమ్మ అడిగితే ఆ పిల్ల, రోడ్డు ఎటు పోతుందో అటు చెయ్యి చూపించేది. పెళ్ళయితే కాలు నిలుస్తుందనుకున్నారు. భర్త పొద్దస్తమానం కిటికీ పక్కన మిషను ముందు కదలకుండా కూర్చునే మనిషి కనుక, ఆ నిలకడ కొంత ఈమెకూ అంటుతుందని అత్తగారు ఆశపడింది. అంటలేదు. కరెంటు మీటర్లు చదివింది, జనాభా లెక్కలు రాసింది, పసిపిల్లలకు చుక్కల మందు వేయడానికి గడపగడపా తిరిగింది. నీడపట్టున కూర్చుని చేసే ఉద్యోగం ఒకటి దొరికితే వారం తిరగకుండా వదిలేసి వచ్చింది. "నీకు కుర్చీ కొనడం దండగ," అంటాడు భర్త ఇప్పటికీ, ఇంట్లో ఉన్న రెండు కుర్చీల్లో ఒకదాని మీద కుట్టవలసిన గుడ్డలు పేర్చుకుంటూ.

టీ సగంలో ఉండగా ఫోను మోగింది. ఆఫీసు నుంచి సూపర్‌వైజరు. ఆమెకంటే చాలా చిన్నవాడు, మాట మెత్తన.

"అక్కా, వాగు రోడ్డు మూడు వందల పన్నెండు సంగతి తెలిసిందా?"

"ఏమైంది?"

"నిన్న మధ్యాహ్నం అక్కడి నుంచి కాల్. పెద్దాయనకి గుండెల్లో నొప్పి. మన బండి సరిగ్గా మూడు వందల పన్నెండుకే వెళ్ళింది. తీరా చూస్తే గేటుకి ప్లేటు లేదు, ఆ ఇంట్లో రోగీ లేడు. రోగి వాగవతల ఉన్నాడు. వెనక్కొచ్చి వంతెన దాటి వెళ్ళేసరికి అరగంట పోయింది. మనిషి దక్కాడు, మన అదృష్టం. వెంటనే ఆస్పత్రిలో చేరమన్నారట, ససేమిరా అని ఇంట్లోనే ఉన్నాడట."

"వాగవతల ఇంటికి ఆ నంబరెలా వచ్చింది?"

"అదే కదా నిన్ను అడుగుతున్నా. ఇవాళే తేల్చక్కా. సాయంత్రం బళ్ళన్నిట్లోకీ కొత్త పటం ఎక్కిస్తున్నారు. ఇది దాటితే మళ్ళీ వానలు వెళ్ళాకే."

ఆమె మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగి, నాలుక కాల్చుకుని, తన స్కూటరు ఎక్కింది.

నంబరు ఎలా వెళ్ళి ఉంటుందో దారిలోనే ఆమె ఊహకు అందింది. నంబర్లు ఇళ్ళవి, మనుషులవి కావు. రోడ్డు మొదలు నుంచి ఇల్లెంత దూరమో అదే దాని నంబరు. సిగ్నలు లేని చోట డ్రైవర్లు ప్లేట్లు చదువుకుంటూనే ముందుకు పోతారు. ఫోను తానెక్కడుందో తానే చెబుతుందని ఆఫీసులో అంటారు గాని, ఈ ప్రాంతానికంతటికీ ఉన్నది ఒకటే టవరు. దాని లెక్కలో మనిషి ఉన్న చోటు ఒక పెద్ద వృత్తం, ఆ వృత్తంలో వాగుకు ఇటువైపూ అటువైపూ కూడా పడతాయి. కాబట్టి చివరికి మిగిలేది, ఫోనెత్తిన మనిషి నోటి వెంట వచ్చే నంబరే.

వంతెన దాటాక రోడ్డు మట్టిదారిగా మారింది. మొక్కజొన్న చేల మధ్య కొత్తగా కట్టిన రెండు గదుల ఇల్లు. గోడలకు ఇంకా సున్నం పడలేదు. కాని గేటు స్తంభానికి నీలం రేకు, దాని మీద తెల్లటి అంకెలు, తుడిచి తుడిచి మెరుస్తున్నాయి: 312.

పెద్దాయన వసారాలో నులక మంచం మీద రెండు దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. పెద్ద దవడలు, తెల్లటి గరుకు గడ్డం. చొక్కా బొత్తాలు విప్పి ఉంటే ఛాతీ మీద గుండె పరీక్షకు నిన్న అతికించిన పట్టీల గుర్తులు చతురస్రాలుగా ఎర్రగా కనిపిస్తున్నాయి. ఆయన భార్య ధాన్యపు కొట్టు దగ్గర గింజలు చెరుగుతోంది.

"రా అమ్మాయ్. వస్తావనుకున్నా. ప్లేటు కోసమేగా?"

"అవును బాబాయ్‌గారూ. ఇది వాగవతల ఇంటిది."

"ఆ ఇంటిదే. దాన్ని అక్కడ బిగించింది నువ్వే, మర్చిపోయావా? బిగించి, మా అందర్నీ గేటు దగ్గర నిలబెట్టి ఏం చెప్పావు? 'మీ పేరు మర్చిపోయినా ఫర్లేదు, ఈ నంబరు మర్చిపోకండి. ప్రాణం మీదికొస్తే ఇదే చెప్పండి' అన్నావు. మర్చిపోలేదు. నిన్న ప్రాణం మీదికొచ్చింది, చెప్పాను. తప్పేంటి?"

ఆమె గేటు మీది నీలం రేకు వైపు చూసింది. ప్రతి గేటు దగ్గరా అదే మాట, అదే స్వరంతో చెప్పింది. అంత బాగా విన్నవాడు ఇన్నాళ్ళకు ఒకడు కనిపించాడు.

"ఇల్లు మారినప్పుడు ప్లేటు తీయకూడదు కదండీ."

"ఎందుకు తీయకూడదు? మా నాన్న పోయాక పంపకాలయ్యాయి. ఇల్లు తమ్ముడికి రాశారు. వాడికి పిల్లలెక్కువ, సరే అన్నాను. ఇంత వయసొచ్చాక ఆ గడప దిగాను. ఉత్త చేతుల్తో రమ్మంటావా? ఇల్లు వాడికి, నంబరు నాకు. ఎవరి వాటా వాళ్ళది."

"స్క్రూడ్రైవరు నా చేతికిచ్చి పట్టుకోమన్నాడమ్మా ఈయన," అంది భార్య చేట దించకుండానే. "బీరువా తెద్దామంటే వద్దన్నాడు. రేకు ముక్క తెచ్చుకున్నాడు."

"బీరువా పేరు చెబితే అంబులెన్సు వస్తుందా?"

"నంబరు చెబితే మాత్రం వచ్చిందా?"

పెద్దాయన నవ్వబోయి, నవ్వు నొప్పిగా మారితే ఆగిపోయాడు. ప్లేట్లక్క సంచిలోంచి కొత్త రేకు తీసి, అంకెలు అతికించి చూపించింది. వంతెన నుంచి దూరం లెక్కగట్టి ఆఫీసు ఫోనులో చెప్పిన నంబరు, తొంభై ఆరు.

"తొంభై ఆరు ఎవరిది?"

"మీదే. ఈ ఇంటిది."

"నాకు దాంతో పరిచయం లేదు," అని ఆయన గోడ వైపు తిరిగాడు.

పాత రేకు ఆయన దగ్గరే ఉంచి, ఆ ఇంటికి అదే నంబరుతో ఇంకో రేకు చేయించి ఇవ్వవచ్చునని ఆమెకు తోచకపోలేదు. అయితే చిక్కు రేకులో లేదు, ఆయన నాలుక మీద ఉంది. నొప్పి వచ్చినప్పుడు మనిషి ఆలోచించి మాట్లాడడు. లోపల ఏది నాటుకుని ఉంటే అదే పైకి వస్తుంది. ఎదురుగా గేటుకు మూడు వందల పన్నెండు మెరుస్తూ ఉన్నంత కాలం ఆయన అదే చెబుతాడు, బండి అక్కడికే పోతుంది.

కాలుగాలిన పిల్లిలా ఆమె గేటుకూ వసారాకూ మధ్య కొంతసేపు తిరిగింది. తరువాత బండి తీసి, మళ్ళీ వంతెన మీదుగా, వాగుకు ఇవతలి ఇంటికి వెళ్ళింది.

పాత ఇంటి గేటు స్తంభం మీద నీలం రేకు ఉండిన చోటు చతురస్రంగా, ఎండ తగలక రంగు వెలవకుండా పచ్చగా మిగిలింది. తమ్ముడు పెరట్లో నీళ్ళ పైపు మరమ్మతు చేస్తున్నాడు. అన్నకూ ఇతనికీ వయసులో చాలా తేడా. అన్న ఎత్తుకుని తిప్పిన తమ్ముడు, ఇప్పుడు తానే తాత అయినా, భుజాలు ముడుచుకుని నిలబడటంలో ఆ ఎత్తుకోబడిన పిల్లవాడి తీరు ఇంకా పోలేదు.

"అన్నయ్యగారూ, ఒక్కసారి వచ్చి ఆయనతో మీరు చెబితే..."

"నేనా?" అతను రెంచి కింద పెట్టాడు. "ఇల్లు లాక్కున్నాడని ఇప్పటికే నలుగురూ బుగ్గలు నొక్కుకుంటున్నారు. ఇప్పుడెళ్ళి నంబరు కూడా ఇమ్మంటే ఇంకేమంటారో మీకు తెలీదా? వద్దమ్మా. నంబరు లేని ఇల్లని చెప్పుకుంటా. బతికిపోతాం."

"మీకేదైనా అయితే?"

"మాకేం అవుతుంది?"

"ఏమీ కాదు ఈయనకి," అంది అతని భార్య తలుపు దగ్గర నుంచి. "నిన్న చూడాల్సింది వదినా మీరు. బండి మన గేటు ముందు ఆగి, రోగి ఎవరని అడగ్గానే ఈ మనిషికి అర్థమైపోయింది. పెరట్లోకి పరిగెత్తి, వాగవతలికి ఒకటే అరుపు. 'అన్నయ్యా, బండి ఇటొచ్చింది, వస్తోంది, వస్తోంది' అని. పంపకాలయ్యాక ఈయన నోట ఆ పిలుపు రావడం అదే మొదలు. గొంతు ఇంకా బొంగురుపోయే ఉంది, వినండి."

తమ్ముడు రెంచి మళ్ళీ చేతిలోకి తీసుకుని, బిగించిన చోటనే ఇంకోసారి బిగించసాగాడు.

ప్లేట్లక్క బండి దగ్గరికి రాగానే భర్త ఫోను చేశాడు.

"అన్నం తిన్నావా?"

"దారిలో ఉన్నా."

"ఏ దారిలో?"

"అదే తేల్చడానికి తిరుగుతున్నా."

"పల్లీలైనా తిను. వాటికి దారితో పని లేదు."

వంతెన మీద బండి ఆపి పల్లీలు తిన్నది. అక్కడ నిలబడితే రెండు ఇళ్ళూ కనిపిస్తాయి. నడుమ వాగు, వేసవి నీళ్ళు పలచగా రాళ్ళ మధ్య పారుతున్నాయి. తాను పుట్టిన గుడారానికి నంబరు లేదు. ఆ తరువాత ఉన్న ఏ ఇంటి నంబరూ ఆమెకు గుర్తు లేదు. ఇప్పటి అద్దె వాటా నంబరు అడిగినా కాసేపు ఆలోచించవలసిందే. వేల గేట్లకు రేకులు బిగించిన చేతులు అవి. ఒక మనిషి ఇల్లు వదిలేసి దాని అంకెను మాత్రం విప్పుకుని పోవడమన్నది ఉదయం ఆమెకు మొండితనంగా తోచింది. ఇప్పుడు అలా తోచడం లేదు. అలాగని దానికి వేరే పేరూ దొరకలేదు. ఎండ పడమటికి వాలుతోంది. ఆఫీసు మూసే వేళను తలుచుకుని ఆమె పొట్టు దులుపుకుంది.

ఆమె తిరిగి వెళ్ళేసరికి పెద్దాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. భార్య కొట్టు దగ్గర లేదు. ఇంటి వెనక గిన్నెలు తోముతూ, ఒక్కొక్క గిన్నెకూ ఒకసారి, "తొంభై ఆరు, తొంభై ఆరు" అని గొణుక్కుంటోంది.

"బాబాయ్‌గారూ, నిన్న తమ్ముడుగారు వాగు ఒడ్డున నిలబడి అరిచారట. వినబడిందా?"

ఆయన కళ్ళు తెరిచాడు.

"వినబడింది," అన్నాడు. "చిన్నప్పుడు బావిలో పడ్డాడు వాడు. అప్పుడూ ఇలాగే అరిచాడు, ఇదే గొంతు. నేనే దిగి తీశాను." ఊపిరి తీసుకున్నాడు. "ఇంత వయసొచ్చింది, గొంతు మాత్రం మారలేదు వెధవకి."

గేటు వైపు చూశాడు. "ఆ ఇంటికి నువ్వే వేస్తావా?"

"నేనే వేస్తాను."

"వాడి చేతికిస్తే వంకరగా బిగిస్తాడు. పనిలో నేర్పు లేదు వాడికి. నువ్వే వెయ్. ఆ రెండోది ఇక్కడ పెట్టు. నంబరేమన్నావ్?"

"తొంభై ఆరు."

"పొట్టి నంబరు," అన్నాడు. "పోనీలే, ఆయాసమొచ్చినా చెప్పడానికి తేలిక."

నాలుగు మరలూ విప్పేటప్పుడు ఆమె చేతులు తొందరపడ్డాయి. ఒక మర జారి గడ్డిలో పడింది. కొత్త రేకు బిగించి, గేటు ముందు నిలబడి చుక్క పెట్టి, కంట్రోల్ రూమ్‌లో కాల్స్ ఎత్తే అమ్మాయికి ఫోను చేసి, చుక్క పటంలో నిలిచిందని విన్న తరువాత గాని ఊపిరి వదలలేదు.

"పడిందక్కా. గేటు దగ్గరే పడింది. మా బాస్ ఇప్పుడే ఎక్కించేశారు. ఇక ఇంటికి పోయి కూర్చో."

"కూర్చోవడం నాకు చేతకాదమ్మాయ్."

పాత రేకుతో నాలుగోసారి వంతెన దాటింది. తమ్ముడు వచ్చి, రేకును పాత గుర్తు మీద రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎండ తగలని ఆ పచ్చటి చతురస్రంలో అది సరిగ్గా ఇమిడింది. ఆమె నాలుక కొసను పళ్ళ మధ్య పెట్టుకుని మొదటి మర తిప్పింది.

"వంకరుందా?" అన్నాడు అతను.

"మీ చేతికిస్తే వంకరపోతుందట. ఆయనే చెప్పారు."

అతను నవ్వాడు. ముఖమంతా పాకిన నవ్వు. అది పూర్తిగా ఆరిపోకముందే దూరంగా సైరన్ వినిపించింది.

ఇద్దరూ తల తిప్పారు. తెల్లటి బండి పెద్దరోడ్డు మీద దుమ్ము రేపుతూ వచ్చి, చీలిక దగ్గర ఇటు తిరగకుండా, ఒక్క క్షణమైనా తడబడకుండా వంతెన ఎక్కింది. అవతలి ఒడ్డున మొక్కజొన్న పైన దాని ఎర్రదీపం జారుకుంటూ పోయి, సున్నం లేని ఇంటి గేటు ముందు ఆగింది. సరిగ్గా ఆమె నిలబడి చుక్క పెట్టిన చోటే ఆగింది.

ఆమెకు మొదట కలిగినది సంతోషం. కాదనడం అబద్ధమవుతుంది. ఫోను మోగింది. "ప్లేట్లక్కా, పెద్దావిడ 'తొంభై ఆరు' అంది, అంతే! ఇంకో మాట అడగాల్సిన పనే పడలేదు," అంటోంది కంట్రోల్ రూమ్ అమ్మాయి ఉత్సాహంగా. ఆ అమ్మాయికి ఇంకా ఏమీ తెలియదు.

సైరన్ ఆగిపోయింది. బండి వెనక తలుపులు తెరుచుకున్నాయి. ఇద్దరు మనుషులు పరుగున లోపలికి వెళ్ళారు. తరువాత చాలాసేపు ఏమీ కదలలేదు. చివరకు డ్రైవరు ఒక్కడే బయటికి వచ్చి, టోపీ తీసి, బండి చుట్టూ నెమ్మదిగా నడిచి, తెరిచిన తలుపులను ఒకదాని తరువాత ఒకటి చప్పుడు కాకుండా మూశాడు. లోపల ప్రాణం ఉన్నప్పుడు ఆ తలుపులు ఎవరూ అలా మూయరు. ఎన్నో ఏళ్ళుగా ఆ బళ్ళ వెంట తిరిగిన ఆమెకు అది తెలుసు. పక్కన నిలబడిన అతనికి తెలియనవసరం లేదు. అతను ఆమె ముఖం చూశాడు.

ఆమె కారణాలను వెనక్కి లాగి చూసుకుంది. ప్లేటు విప్పకుండా ఉంటే? నిన్ననే ఆస్పత్రికి వెళ్ళి ఉంటే? ఇవాళ ఆయన చేత అన్ని మాటలు ఆడించకుండా ఉంటే? ఒక దారం లాగితే ఇంకొకటి బిగుసుకుంటోంది. బండి దారి తప్పలేదు. ఆమె చేతిలో ఉన్నది అంతవరకే, అది జరిగింది. అయినా కాళ్ళు ఒకచోట నిలవడం లేదు.

"అన్నయ్యగారూ, నా బండి మీద తీసుకెళ్తాను, ఎక్కండి. వంతెన మీదుగా..."

అతను రేకును వదిలేశాడు. ఒక్క మర మీద వేలాడిన ఆ రేకు పక్కకు ఒరిగిపోయింది. పెరడు దాటి, నిన్న నిలబడి అరిచిన చోటు దాటి, అతను గట్టు దిగి, ప్యాంటు మడవకుండానే నీళ్ళలోకి నడిచాడు. ఈ వాగు ఇంత చిన్నదని అతను మరచిపోయినట్టున్నాడు. నడిమధ్యలో నీళ్ళు మోకాళ్ళకు కూడా రాకపోతే ఒక్కసారి ఆగి, కిందికి చూసి, మళ్ళీ నడిచాడు. అవతలి గట్టు మీద పెద్దావిడ వచ్చి నిలబడి ఉంది.

ప్లేట్లక్క గట్టు దాకా వెళ్ళి ఆగిపోయింది. ఇవతలి తడి ఇసుకలో అతని తోలుచెప్పులు, ఒకటి బోర్లాపడి, రెండోది అరికాలి చెమట ఇంకా ఆరకుండా, ముక్కు వాగు వైపు తిరిగి.